దస్తగీర్ చిచ్చా కాలు

శనివారం ఒంటిపూట బడి. సలోమి తడుచుకుంటూ ఇంటికి వచ్చేసరికి బాపు మంచం మీద ఉన్నాడు.

పట్టపగలు బాపు పడుకోవడం సలోమి ఎప్పుడూ చూడలేదు. ఆయన పేరు ఇస్సాకు. ఆర్టీసీ డిపోలో మెకానిక్. సెలవు రోజు కూడా ఏదో ఒక పని పెట్టుకునే మనిషి. అట్లాంటి మనిషి ఇప్పుడు రెండు దుప్పట్లు కప్పుకుని కూడా గజగజ వణుకుతున్నాడు. అమ్మ రాహేలు ఆయన నుదుటి మీద తడిగుడ్డ వేస్తోంది.

"టైఫాయిడ్ అంట," అంది అమ్మ మెల్లగా. "లొల్లి చెయ్యకు. పండుకోనియ్యి."

కానీ బాపు నిద్రపోలేదు. కళ్లు తెరిచి, "సలోమీ, వచ్చినవా? జెర ఇటు రా బిడ్డా," అని పిలిచాడు.

ఆయన గోడకు వేలాడే గుడ్డ సంచీ వైపు చూస్తున్నాడు. ఏం అడగబోతున్నాడో సలోమికి అర్థమైపోయింది. 

మలక్‌పేటలో రైలు పట్టాలు దాటి మూసీ వైపు దిగితే కొన్ని గుడిసెలు ఉన్నాయి. వాటిలో ఉండేవాళ్లందరికీ పెద్దరోగం. అంటే కుష్టు. కొందరికి వేళ్లు లేవు. కొందరికి ముక్కు చప్పిడిగా అయిపోయింది. ఊళ్లోంచి వెళ్లగొడితే వచ్చినవాళ్లు కొందరు, సొంత ఇంట్లోంచే బయటికి పొమ్మంటే వచ్చినవాళ్లు కొందరు.

ప్రతి ఆదివారం చర్చిలో ఆరాధన కాగానే బాపు, లీలమ్మ ఆ గుడిసెలకు పోతారు. లీలమ్మ నర్సు ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఇద్దరూ కలిసి అక్కడివాళ్ల కాళ్లు నీళ్లలో నానబెట్టి, పుండ్లు కడిగి, మందు రాసి కట్లు కడతారు. ఆ కట్ల కోసం చర్చిలోని ఆడవాళ్లు పాత నూలు చీరలు చింపి, ఉడకబెట్టి, ఎండబెట్టి చుట్టలు చుట్టి ఇస్తారు.

సలోమి ఒకే ఒక్కసారి బాపు వెంట పోయింది. వాసన తట్టుకోలేకపోయింది. దూరంగా ఒక రాయి మీద కూర్చుని, చివరిదాకా ముక్కు మూసుకునే ఉంది.  బాపు మళ్లీ రమ్మని అడగలేదు.

ఇప్పుడు అడుగుతున్నాడు.

"లీలమ్మేమో తన బిడ్డ కాన్పుకని జనగామ పోయింది. నేనేమో గిట్ల పడ్డ. మిగిలినోళ్లవి చిన్న పుండ్లు, ఆగుతయి. దస్తగీర్ చిచ్చా కాలు మాత్రం ఆగది బిడ్డా. అరికాలుల పుండు లోతుగున్నది."

"నేను పోతలే," అంది అమ్మ.

"నన్ను ఇడిచిపెట్టి ఎట్ల పోతవ్? లేస్తేనే కండ్లు తిరుగుతున్నయి," అన్నాడు బాపు. మళ్లీ సలోమి వైపు తిరిగాడు. "నువ్వు ముట్టుకునేది లేదు. సంచి గడప కాడ పెట్టి, గట్టిగ చెప్పి రా. రోజూ ఈ మందు నీళ్లల్ల కాలు నానబెట్టి, కొత్త కట్టు కట్టుకొమ్మను. నడవొద్దను. జ్వరమొస్తే మాత్రం ఎంటనే కబురు పంపుమను. ఏం చెప్తవ్? ఒకపారి చెప్పు."

సలోమి తల వంచుకుని చెప్పింది. "రోజూ కట్టు మార్చుకోవాలె. నడవొద్దు. జ్వరమొస్తే కబురు పంపాలె."

"శాబాష్," అన్నాడు బాపు. కళ్లు మూసుకున్నాడు.

*

సలోమి గొడుగు వేసుకుని బయల్దేరింది. సంచి బరువేమీ లేదు. కట్టు గుడ్డలు, ఒక చిన్న మందు సీసా, అంతే. అయినా ఎవరైనా చూస్తారేమోనని గొడుగు ముందుకు వంచుకుని నడిచింది.

రైల్వే గేటు దగ్గర ఎవరో "సలోమీ!" అని అరిచారు.

కౌసల్య. బడిలో ఇద్దరిదీ ఒకే బెంచీ. మేనత్తతో కలిసి రిక్షాలో కూర్చుని ఉంది.

"వానల ఏడికి పోతున్నవే? సంచిల ఏమున్నది?"

సలోమి సంచిని గొడుగు చాటుకు తెచ్చుకుంది. పోయిన ఏడాది తమ క్లాసులో రోజామణి అనే పిల్ల ఉండేది. వాళ్ల నాయనమ్మకు పెద్దరోగం ఉందని ఎట్లాగో బయటపడింది. ఆ రోజు నుంచి ఆ పిల్ల పక్కన ఎవరూ కూర్చోలేదు. ఆమె ముట్టుకున్న కుండలో నీళ్లు తాగలేదు. కొన్నాళ్లు చివరి బెంచీ మీద ఒక్కతే కూర్చుంది. తర్వాత బడికి రావడమే మానేసింది.

"మా చిన్నమ్మోళ్ల ఇంటికి," అంది సలోమి. "సంచిల... పాత బట్టలు."

"చిన్నమ్మ ఏడికన్న పోతదా? రేపు పోవచ్చులె. మేము లాడ్ బజార్ పోతున్నం. అత్తకు పెండ్లి గాజులు కొనాలె. నువ్వు గూడ రా!"

"రా బిడ్డా, జల్దిన తిరిగొస్తం," అంది కౌసల్య అత్త పక్కకు జరుగుతూ.

పోయి వచ్చాక ఇస్తే ఏమవుతుంది, అనుకుంది సలోమి. ఒక్క గంట. అంతే కదా.

రిక్షా ఎక్కింది. సంచిని కాళ్ల కింద పెట్టుకుంది.

లాడ్ బజార్‌లో వాన పడుతున్నట్టే అనిపించలేదు. దుకాణాల్లో బల్బుల కింద గాజులు తళతళ మెరుస్తున్నాయి. ఒక అరుగు మీద ఒకాయన నిప్పుల దగ్గర లక్క కరిగించి గాజులు చేస్తున్నాడు. వేడి వేడి లక్కను వేళ్లతో నొక్కి, చప్పున చెయ్యి వెనక్కి తీసుకుని ఊదుకున్నాడు.

సలోమి అక్కడే ఆగిపోయింది.

దస్తగీర్ చిచ్చా కూడా ఒకప్పుడు ఈ బజార్లోనే లక్క గాజులు చేసేవాడని బాపు చెప్పాడు. ఒకరోజు మాట్లాడుకుంటూ పని చేస్తుంటే వేడి లక్క వేళ్లకు అంటుకుంది. చర్మం కాలి వాసన వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్లు కేకలు పెట్టారు. ఆయన మాత్రం ఏమైందని వాళ్లనే అడిగాడు. వేళ్లకు స్పర్శ పోయింది. అట్లా బయటపడింది ఆయన రోగం. మర్నాటి నుంచి ఆయన చేతి గాజులు ఎవరూ కొనలేదు.

"సలోమీ, ఇటు జూడు!" అని కౌసల్య చెయ్యి పట్టి లాగింది. కౌసల్య అత్త ఇద్దరికీ ఆకుపచ్చ గాజులు కొనిచ్చింది. గాజులు తొడుక్కుంటుంటే సలోమికి మిగతాదంతా కాసేపు మనసులోంచి పోయింది.

వేరే రిక్షాలో తిరిగొచ్చేసరికి చీకటి పడుతోంది. గల్లీ మొదట్లో సలోమిని దింపి రిక్షా వెళ్లిపోయింది. నాలుగడుగులు వేశాక చేతులు ఖాళీగా ఉన్నట్టు తెలిసింది.

సంచి మొదట ఎక్కిన రిక్షాలోనే ఉండిపోయింది.

సలోమి వెనక్కి పరుగెత్తింది. రోడ్డు మీద ఎన్నో రిక్షాలు. వానలో అన్నీ ఒకే తీరుగా కనిపించాయి.

*

"ఇచ్చినవా బిడ్డా?" ఇంట్లో అడుగు పెట్టగానే బాపు అడిగాడు.

నిజం చెబుదామనే అనుకుంది. కానీ నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"ఇచ్చిన."

"చిచ్చా ఏమన్నడు?"

"సరే అన్నడు."

"కాలు ఎట్లున్నదట?"

"మంచిగనే ఉన్నదట."

బాపు ముఖంలో బిగువు ఒక్కసారిగా సడలింది. రెండు చేతులూ గుండె మీద పెట్టుకున్నాడు. "తండ్రీ, నీకు స్తోత్రం. దస్తగీర్ భాయ్‌ని కాపాడు. వానల నీ పని మీద పోయొచ్చిన నా బిడ్డను దీవించు," అని ప్రార్థన చేశాడు. అమ్మ "ఆమేన్" అంది.

సలోమి అనలేకపోయింది. గాజులు విప్పి బడి సంచీ అడుగున దాచింది. మళ్లీ ఎప్పుడూ తొడుక్కోలేదు.

రేపు బాపుకు నిజం చెబుతా అనుకుంది. మర్నాడు బాపు జ్వరం పెరిగింది. ఎల్లుండి చెబుదామనుకుంది. ఎల్లుండి బాపు కలవరించాడు. అమ్మ ఏడ్చింది. అట్లాంటప్పుడు ఎట్లా చెబుతుంది? రోజులు గడిచిన కొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది.

చర్చి వాళ్లు బాపును చూడ్డానికి వచ్చారు. జావ తెచ్చారు, పండ్లు తెచ్చారు. మల్లన్న అనే పెద్దాయన పోయేముందు అడిగాడు. "ఆ గుడిసెల దిక్కు ఎవరన్న పోయిండ్రా? నన్ను పొమ్మంటవా ఇస్సాకూ?"

"సలోమి పోయొచ్చింది. కట్లు ఇచ్చింది. చిచ్చా కాలు మంచిగనే ఉన్నదట," అన్నాడు బాపు నీరసంగా నవ్వుతూ.

మల్లన్న సలోమి తల మీద చెయ్యి వేశాడు. "ఎంత మంచి పిల్లవు!" అన్నాడు. ఇంక గుడిసెలకు పోలేదు.

ఆ రాత్రి సలోమికి అన్నం దిగలేదు.

*

బాపు లేచి నడిచేసరికి నెల రోజులైంది. మనిషి సగమయ్యాడు. అయినా లేచిన మొదటి ఆదివారమే గుడిసెలకు బయల్దేరాడు.

"నడవలేవు, సలోమిని తోలుకపో," అంది అమ్మ.

సలోమి కొత్త కట్టు గుడ్డల సంచి పట్టుకుని ఆయన పక్కన నడిచింది.  బాపు అక్కడక్కడా ఆగి గోడ పట్టుకున్నాడు. ఆగినప్పుడల్లా సలోమి నిజం చెప్పేద్దామనుకుని, భయపడి మానుకుంది.

గుడిసెల ముందు బుచ్చమ్మ అనే ముసలామె ఎదురైంది. ఆమె చేతులకు వేళ్లు లేవు. "వచ్చినవా కొడుకా!" అని ఏడుపు అందుకుంది. "దస్తగీర్ కండ్లు తెరుస్తలేడు. ఒళ్లు కాలిపోతున్నది. నీకు కబురు పంపుదామంటే, ఇస్సాక్ భాయ్‌కే పానం బాగలేదట, నక్కో, వద్దే వద్దు అన్నడు."

బాపు వంగి గుడిసెలోకి దూరాడు. సలోమి గడప దగ్గరే నిలబడిపోయింది. లోపలి వాసన ముఖానికి కొట్టింది.

దస్తగీర్ చిచ్చా చాప మీద ఉన్నాడు. గడ్డం మాసింది, కళ్లు లోపలికి పోయాయి. కుడికాలు పిక్క దాకా ఉబ్బింది. పాదం నల్లబడింది. దాని చుట్టూ ఏదో పాత గోనెగుడ్డ ముక్క.

బాపు ఆ గుడ్డను చూశాడు.

"దస్తగీర్ భాయ్! ఏంది ఇది? నేను సలోమి తోని కట్లు పంపిన గద! మందు పంపిన గద! కట్టుకోలేదా?"

చిచ్చా కళ్లు తెరిచాడు. బాపు వైపు చూశాడు. తర్వాత గడప దగ్గర ఉన్న సలోమిని చూశాడు. చాలాసేపు చూశాడు. సలోమి సంచిని గట్టిగా గుండెకు అదుముకుంది.

"పంపినవ్ భాయ్," అన్నాడు చిచ్చా. గొంతు పీలగా వచ్చింది. "నేనే... నేనే సుస్తీ చేసిన. కట్టుకోలె."

"సుస్తీనా!" బాపు గొంతు లేచింది. ఆయన ఎవరినీ అట్లా తిట్టడం సలోమి వినలేదు. "గంత మందు పంపితే వాడనీకి నీకు బద్ధకమా? నీ కాలు నువ్వే పాడు చేస్కున్నవ్! ఎన్నిసార్లు చెప్పిన నీకు?"

 తప్పు చేసిన పిల్లాడిలాగా చిచ్చా తల పక్కకు తిప్పుకున్నాడు.

"దవాఖానకు తీస్కపోవాలె. ఏదన్న బండి చూసుకొస్త," అని బాపు తూలుతూ బయటికి వెళ్లాడు.

గుడిసెలో ఇద్దరే మిగిలారు. బయట బుచ్చమ్మ ఏడుపు వినిపిస్తోంది.

సలోమి గడప దాటి లోపలికి వచ్చింది. "చిచ్చా," అంది. "అట్లెందుకు చెప్పిండ్రు?"

చిచ్చా మెల్లగా ఊపిరి తీసుకున్నాడు. "నీ బాపుకు మొన్ననే పానం బాగైంది. ఇంకో బాధెందుకు బేటీ?"

"నేను రాలె. కట్లు తేలె. మీకు ఎరుకే గద!"

"ఎరుకే." చిచ్చా కళ్లు మూసుకున్నాడు. "నాకు ఒక బిడ్డ ఉండె. మహబూబున్నీసా. నేను ఇల్లు ఇడిచినప్పుడు నీ అంతనే ఉండె. వాళ్లమ్మ రొట్టెలు కట్టి నా కాడికి పంపేది. గల్లీ మూల దాక వచ్చి, నన్ను చూసి, భయంతోని తిరిగి ఉరికేది. నేను చూస్తుండెటోణ్ణి. ఎన్నడు కోపం రాలె. చిన్న పిల్ల, భయమైంది. గంతే."

సలోమి నల్లబడిన ఆ పాదం వైపు చూసింది. 

*

ఏ రిక్షా అతనూ చిచ్చాను ఎక్కించుకోలేదు. ముఖం చూడగానే వెళ్లిపోయారు. చివరికి కూరగాయల బండి ఒకటి దొరికింది. దానిమీద చాప పరిచి, చిచ్చాను పడుకోబెట్టి, బాపు ముందు నుంచి లాగాడు. జ్వరం నుంచి లేచిన మనిషి, నాలుగడుగులకు ఒకసారి ఆగి రొప్పాడు. సలోమి వెనక నుంచి తోసింది. దారిన పోయేవాళ్లు ముక్కులకు గుడ్డ అడ్డం పెట్టుకుని పక్కకు తప్పుకున్నారు.

దవాఖానలో చిచ్చాను చాలాసేపు వరండాలోనే ఉంచారు. బాపు ఒక్కొక్కరినీ బతిమాలాడు. సాయంత్రానికి ఒక డాక్టర్ వచ్చి కాలు చూశాడు.

"మోకాలు కింద తీసేయాలె. లేకుంటే మనిషి దక్కడు," అన్నాడు. "ఇన్ని రోజులు ఏం చేసిండ్రు? ముందుగాల తెస్తే కాలు ఉంటుండె."

చిచ్చాను లోపలికి తీసుకుపోయారు. బాపు బయట బెంచీ మీద కూలబడ్డాడు. రెండు చేతుల్లో తల పట్టుకున్నాడు.

"నాదే తప్పు," అన్నాడు తనలో తనే. "జ్వరమని పండుకున్న. కాలు మంచిగున్నదంటే నమ్మి ఊకున్న. మీదికెళ్లి ఆ మనిషిని తిట్టిన."

సలోమి ఇంక ఆగలేకపోయింది.

"బాపూ, నేను పోలె."

"ఏంది బిడ్డా?"

"ఆ రోజు చిచ్చా కాడికి పోలె. కౌసల్యోళ్లతోని లాడ్ బజార్ పోయిన. సంచి రిక్షాల మర్చిపోయిన. నీతోని అబద్ధం చెప్పిన. కాలు మంచిగున్నదని ఉత్తగనే చెప్పిన. చిచ్చా తప్పేం లేదు."

బాపు తల ఎత్తి చూశాడు. సలోమి దెబ్బ కోసం ఎదురుచూసింది. దెబ్బ పడలేదు. బాపు ముఖం మాత్రం ముసలివాడి ముఖంలా అయిపోయింది. వరండా చివర ఎవరో బకెట్‌తో నీళ్లు పోసి నేల కడుగుతున్నారు. 

"గిప్పుడన్న చెప్పినవ్," అన్నాడు చివరికి. "కాని కాలు తిరిగి రాదు బిడ్డా."

సలోమి వెక్కి వెక్కి ఏడ్చింది. బాపు ఓదార్చలేదు, పక్కకు జరిగి చోటిచ్చాడు. ఆమె కూర్చుంది. చాలాసేపటికి ఆయన నేల చూస్తూ మాట్లాడాడు.

"నీకెన్నడు చెప్పలె. మీ తాతకు గూడ గిదే రోగం."

సలోమి ఏడుపు ఆగిపోయింది.

"ఊరి బయట పాడుబడ్డ కొట్టంల పెట్టిండ్రు. అప్పుడు నేను నీ అంతుంటి. ఒకనాడు మిషన్ దవాఖాన నుంచి ఒక నర్సమ్మ వచ్చింది. మా బాపు కాలు ఒళ్లె పెట్టుకొని కడిగింది. బాపు ఏడ్చిండు. ఆ కాలుకు నొప్పేడిది? ఒక మనిషి ముట్టుకొని ఎన్నేండ్లయిందో, గందుకు ఏడ్చిండు. గిదంతా ఎందుకు చేస్తున్నవమ్మా అని నేను అడిగిన. ఏసయ్య గిట్లాంటోళ్లను ముట్టుకున్నడు, నేను ముట్టుకోకుంటే ఎట్ల అన్నది. గంతే. ఇంకేం చెప్పలె. ఆమె పోయినంక గూడ నాకు ఆ మాటే చెవుల పడుతుండె. ఆ ఏసయ్య ఎవలో తెల్సుకోవాలె అనిపించింది. గట్లనే చర్చికి పోయినం నేను, మా అమ్మ."

"తాత ఏమైండు?"

"ఆ సంవత్సరమే పోయిండు. కాని పోయేముందు కొట్టంల లేడు. దవాఖానల, మంచం మీద, మనుషుల నడుమ పోయిండు."

చీకటి పడ్డాక చిచ్చాకు మెలకువ వచ్చిందని చెప్పారు. లోపలికి వెళ్లారు. దుప్పటి కింద ఒక వైపు చదునుగా ఉంది. సలోమి అటు చూడలేక చూసింది.

బాపు మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. "దస్తగీర్ భాయ్, నిన్ను ఊరికెనే తిట్టిన. మాఫ్ చెయ్యి," అన్నాడు.

బాపు ఎవరినైనా క్షమించమని అడగడం సలోమి అదే మొదటిసారి చూడడం. ఆమె కూడా ఆయన పక్కన మోకరిల్లింది.   చిచ్చా తన వంకర వేళ్ల చేతిని ఎత్తాడు. ఆమె తల దగ్గరికి తెచ్చి, ముట్టుకోవచ్చో లేదో అన్నట్టు మధ్యలోనే ఆపేశాడు.

సలోమి తల కొంచెం ముందుకు వంచింది.

*

చిచ్చా కర్ర సాయంతో గుడిసెకు తిరిగొచ్చేసరికి వానలు తగ్గాయి. ఇంక ఆయన ఇదివరకటిలా అడుక్కోవడానికి కూడా దూరం పోలేడు. గడప దగ్గర కూర్చుని రైళ్లు చూసేవాడు.

శనివారం బడిలో కౌసల్య అడిగింది. "రేపు మా ఇంటికి వస్తవా? అత్త పెండ్లి చీరలు చూపిస్త."

"రాను. పట్టాల అవుతల గుడిసెలున్నయి గద, ఆడికి పోవాలె," అంది సలోమి.

కౌసల్య కళ్లు పెద్దవయ్యాయి. "ఆడ పెద్దరోగమోళ్లు ఉంటరు!"

"ఎరుకే. మా బాపు వాళ్లకు కట్లు కడతడు. మా తాతకు గూడ గదే రోగముండె."

  సోమవారానికి కౌసల్య వేరే బెంచీకి మారిపోయింది. సలోమి పక్కన ఆ చోటు చాలా రోజులు ఖాళీగానే ఉంది. ఖాళీని చూసినప్పుడల్లా ఏడుపు వచ్చేది. అయినా ఆ మాటను వెనక్కి తీసుకోవాలని మాత్రం అనుకోలేదు.

ఆ మాట చెప్పిన మర్నాడు, ఆదివారం, బాపు, జనగామ నుంచి తిరిగొచ్చిన లీలమ్మ నీళ్లు కాగబెట్టారు. సలోమి దూరంగా రాయి మీద కూర్చోలేదు. బేసిన్ పట్టుకుని చిచ్చా ముందు కూర్చుంది. వాసన వచ్చింది.  పళ్లు బిగబట్టింది.

"ఉన్న ఒక్క కాలును మంచిగ చూడాలె," అంది లీలమ్మ. "ఏమన్న గుచ్చుకున్నా ఆయనకు తెల్వది. అరికాలంత చేత్తోని తడుము."

సలోమి చిచ్చా ఎడమకాలును రెండు చేతులతో పట్టుకుంది. చర్మం గరుకుగా, ఎండిన తోలులా ఉంది. నీళ్లలో ముంచి, మడమ నుంచి వేళ్ల దాకా మెల్లగా తడిమింది. ఒకచోట వేలికి గట్టిగా ఏదో తగిలింది.

"చిచ్చా, ఈడ నొప్పి లేదా?"

"ఏడ బేటీ?"

చిన్న గాజుపెంకు. లోపల దిగబడి ఉంది. సలోమి గోళ్లతో పట్టి లాగింది. నీళ్లు ఎర్రబడ్డాయి. చిచ్చా ఆ పెంకును చూశాడు, తర్వాత తన కాలును చూశాడు, వేరెవరిదో కాలు చూసినట్టుగా.

"ఎన్నడు గుచ్చుకున్నదో!" అన్నాడు.

సలోమి కడిగి, మందు రాసి కట్టు కట్టింది. "వదులైంది, మళ్లీ కట్టు," అంది లీలమ్మ. విప్పి మళ్లీ కట్టింది. అప్పటికి గానీ లీలమ్మ తల ఊపలేదు.

ఆదివారం నుంచి ఆదివారం దాకా మధ్యలో చాలా రోజులున్నాయి. గాజుపెంకులు, మేకులు, ముళ్లు ఆదివారం కోసం ఆగవు. ఇంటికి పోయేదాకా సలోమి దాని గురించే ఆలోచించింది.

సోమవారం సాయంత్రం బడి విడిచాక సలోమి ఇంటి వైపు తిరగలేదు. ఒక్కతే రైలు పట్టాలు దాటింది. మసక వెలుతురులో చిచ్చా గడప దగ్గర కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి ఆశ్చర్యంగా, "ఇయ్యాల ఐతారం కాదు గద బేటీ?" అన్నాడు.

సలోమి పుస్తకాల సంచి కింద పెట్టి, ఆయన ముందు నేల మీద కూర్చుంది.

"కాదు చిచ్చా. కాలు ఇటు చాపుండ్రి," అంది.